పశుపతి ఎప్పుడు దెయ్యమయ్యాడు?

మా ఇంట్లో ఒక్క సినిమా మీద పదహారేళ్ళుగా వాదన నడుస్తోంది. రాజకీయాల గొడవలు ఎలక్షన్లతో పాటే చల్లారిపోతాయి. ఆస్తి గొడవలు రావడానికి ఆస్తి లేదు. ఇదొక్కటే మిగిలింది. ‘అరుంధతి’ మంచి సినిమానా, కాదా? ఇంకాస్త సరిగ్గా చెప్పాలంటే, అసలది దేని గురించి తీసిన సినిమా?

పోయిన దసరాకి ఈ గొడవ మళ్ళీ మొదలైంది. హైదరాబాద్‌లో నాతో ఉండే రూమ్మేట్‌ని విజయవాడ తీసుకొచ్చాను. ఇంద్రకీలాద్రి మీద క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటే టీవీలో ‘అరుంధతి’ వస్తోంది. తను సినిమాలని గట్టిగా పట్టించుకునే మనిషి. ‘తుంబాడ్’ 2024లో మళ్ళీ రిలీజైతే మళ్ళీ వెళ్ళి చూసింది. ‘భ్రమయుగం’ వచ్చిన వారమే చూసింది. “ఇది మన తెలుగు గోథిక్” అన్నాను నేను, కొంచెం గర్వంగానే. తను ఒక అరగంట చూసి, “గోథిక్ ఏంటి? ‘అమ్మోరు’కి బంగళా కట్టించారు, అంతే” అంది.

ఆ మాట పూర్తిగా తప్పని కూడా అనలేం. 1995లో ‘అమ్మోరు’, 2004లో ‘అంజి’, 2009లో ‘అరుంధతి’. మూడింటికీ దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి. గ్రాఫిక్స్ పిచ్చి, అమ్మవారి మహిమ, చివర్లో దుష్టుడి అంతం. ఈ దారి వాళ్ళకి అలవాటైన దారే.

కానీ మా రూమ్మేట్ అభ్యంతరం వేరు. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన ‘ది క్యాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నుంచి మొదలుపెట్టి తను నాకో క్లాసు పీకింది. తాత చేసిన పాపం కోట గోడల్లో ఇంకిపోయి మనవడి తల మీద పడటం గోథిక్‌కి పునాది. అక్కడిదాకా సరే. కానీ ఆ తర్వాత వచ్చిన మంచి దెయ్యాల కొంపలన్నిట్లో ఒక అనుమానం ఉండాలంటుంది తను. షర్లీ జాక్సన్ 1959లో రాసిన హిల్ హౌస్ నవలని రాబర్ట్ వైజ్ 1963లో ‘ది హాంటింగ్’గా తీశాడు. అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనపడదు. తలుపు మీద బాదుతున్న చప్పుడు, లోపలికి ఉబ్బిన తలుపు చెక్క, అంతే. ‘ది ఇన్నోసెంట్స్’లో దెయ్యాలున్నాయా, లేక ఆ పిల్లల్ని చూసుకునే ఆవిడ మనసులోనే ఏదో ఉందా అన్నది చివరిదాకా తేలదు. “మీ సినిమాలో అనుమానమెక్కడుంది? సమాధి పగలకముందే దెయ్యం అరుస్తోంది. అదీ పేరు పెట్టి మరీ” అంది.

అప్పుడు ఇంట్లో ఉన్న అందరూ హాల్లోకి వచ్చేశారు. ఇక మొదలు.

*

‘అరుంధతి’ విడుదలైంది 2009 జనవరి 16న. శుక్రవారం. ఆ ఏడు 14న సంక్రాంతి, 15న కనుమ, 16న ముక్కనుమ. అంటే పండగకి వచ్చిన చుట్టాలు ఇంకా ఇళ్ళు కదలని రోజు. కనుమనాడు కాకైనా కదలదని మా వైపు సామెత. ముక్కనుమ దాటితే గానీ ఎవరూ పెట్టె సర్దరు. నాకప్పుడు పదకొండేళ్ళు. మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, బందరు నుంచి పండక్కి మా ఇంటికి వచ్చింది. నాన్నమ్మ మాతోనే ఉండేది. ఆదివారం మ్యాట్నీకి నాన్న, అమ్మ, నాన్నమ్మ, అత్త, నేను, మా కింద పోర్షన్లో ఉండే ముస్లిం ఆంటీ, అందరం రెండు ఆటోల్లో పటమట నుంచి గాంధీనగరం బయల్దేరాం.

విజయవాడ వాళ్ళకి సినిమా చూడ్డం ఒకెత్తు, చూశాక మాట్లాడ్డం ఇంకో ఎత్తు. ఆంధ్రాలో మొదటి సినిమా హాలుగా చెప్పుకునే మారుతి టాకీస్ 1921లో వెలిసిన ఊరు ఇది. గాంధీనగరంలో హాళ్ళెన్ని ఉండేవో, డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులూ అన్ని ఉండేవి. ఒక సినిమా ఆడుతుందో లేదో టీ బంకు దగ్గరే తేల్చేసేవాళ్ళు. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన రామ్ గోపాల్ వర్మే 1992లో ‘రాత్రి’ తీశాడు. మామూలు మధ్యతరగతి ఇల్లు, మామూలు కాలేజీ అమ్మాయి, అందులోనే దెయ్యం. మా నాన్న ఇప్పటికీ ‘రాత్రి’ గొప్పదంటాడు. “జడుసుకోవడానికి కోటలెందుకు? అద్దె కొంప చాలు” అంటాడు.

నాన్నకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. పార్టీ మెంబరు కాదు గానీ, ఇంట్లోకి విశాలాంధ్ర పేపరు వచ్చేది. మా తాత చల్లపల్లి జమీందారీ భూముల్లో కౌలు చేసినవాడు. ఆ భూముల కోసం జరిగిన పోరాటాల కథలు నాన్న అన్నం తింటూ చెప్పేవాడు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినా కాగితం మీద పోయిన జమీందారు మనుషుల మనసుల్లోంచి పోలేదనేవాడు. కాబట్టి ‘అరుంధతి’ మీద ఆయన తీర్పు ఇంటర్వెల్‌కే వచ్చేసింది. “సంస్థానం వాళ్ళ ఇంట్లో గొడవకి మనం ఏడవాలా? ఊరి జనాన్ని చూడు, దండాలు పెట్టడానికీ, పరిగెత్తడానికీ తప్ప ఒక్కడికి మాటుందా?”

ఆ మాటలో నిజముంది. సినిమాలో ఇంటి ఆడపిల్లని పెద్దవాళ్ళు కూడా జేజమ్మా అని కొలుస్తారు. ఆ కొలవడానికి కారణం ఆవిడ చేసిన త్యాగం అని కథ చెప్తుంది గానీ, వెనక ఉన్న ఆ బంగళా ఎవరి కష్టంతో లేచిందో చెప్పదు. ఐరోపా గోథిక్ కథల్లో కోట కూలిపోతుంది. ఆ వంశం అంతమైపోతుంది. మన దగ్గర కోట నిలబడుతుంది, వంశం నిలబడుతుంది, దెయ్యం ఒక్కటే పోతుంది. నాన్న బాధ అదే. “పోవాల్సింది దెయ్యం కాదు, బంగళా” అని ఇప్పటికీ అంటాడు.

అమ్మకి ఇవేమీ పట్టవు. అమ్మ లెక్కలో అది అనుష్క సినిమా. అప్పటిదాకా హీరో పక్కన రెండు పాటలకి వచ్చే అమ్మాయి, ఇందులో కూర్చుంటే రాణిలా ఉంది, నిలబడితే దేవతలా ఉంది. “హీరో లేకుండా హాలు నిండింది చూశారా” అని ఆ రోజు ఆటోలో మూడుసార్లు అంది. ఆ చీరలు, ఆ నగలు, ఆ నాట్యం. సంస్థానం పేరు గద్వాల కాబట్టి తనకీ ఒక గద్వాల చీర కావాలంది. అదింకా రాలేదు.

కింద పోర్షన్ ఆంటీకి నచ్చింది షాయాజీ షిండే వేసిన అన్వర్ అనే ఫకీరు. “మంచి చెయ్యడానికే వచ్చినోడిని దొంగోడనుకున్నారు మొదట్లో” అని ఆవిడ బాధ. మా వైపు పిల్లలకి గాలి సోకిందంటే కొండపల్లి దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించుకురావడం అన్ని ఇళ్ళలోనూ ఉండేదే. ఆవిడ కూడా నాకు అలాంటిదొకటి కట్టింది, ఆ సినిమా చూసొచ్చిన మర్నాడు. నేను రాత్రంతా లైటు తీయనివ్వలేదు మరి.

*

నాన్నమ్మ మాట వేరేగా చెప్పాలి.

నాన్నమ్మది దివిసీమ. నాగాయలంక అవతల, కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోటు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు అక్కడే ఉంది. ఐదారు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదకి వచ్చింది. సొర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళుగా తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం లెక్కలోనే చనిపోయినవాళ్ళు పదివేలకి దగ్గర. అందులో మా ఇంటివాళ్ళు నలుగురు. నాన్నకి ఎనిమిదేళ్ళు, తాడిచెట్టు పట్టుకుని బతికాడు. అత్తకి ఏడాది నిండలేదు, నాన్నమ్మ చీర కొంగుతో నడుముకి కట్టేసుకుంది. మధ్యలో ఒక పిల్లాడు ఉండేవాడు. వాణ్ణి నడిపోడు అనేది నాన్నమ్మ. వాడి పేరు ఎప్పుడూ చెప్పలేదు.

విఠలాచార్య ‘జగన్మోహిని’ కూడా ఆ ఉప్పెన వెళ్ళిన మరుసటి ఏడే వచ్చింది. జనం విరగబడి చూశారంట. నాన్నమ్మ మాత్రం చూడలేదు. దెయ్యాల సినిమా హాల్లో చూడటం ఆవిడకి ‘అరుంధతే’ మొదలు.

సినిమా అంతా కళ్ళార్పకుండా చూసింది. నేను ఆవిడ చీరలో మొహం దాచుకుని చూశాను కాబట్టి నాకు తెలుసు, ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. బయటకొచ్చాక “నీకు భయమెయ్యలేదా నాన్నమ్మా?” అనడిగాను.

“ఎందుకే భయం? చచ్చినోడు తిరిగొస్తన్నాడు. మాట్టాడతన్నాడు. నడిపోడు పోయి ముప్పై యేళ్ళు దాటింది. కలలోకన్నా రాలేదు.”

ఇది నాన్నమ్మ రివ్యూ. దీని మీద మా ఇంట్లో ఎవరూ వాదించలేదు.

నేను పెద్దయ్యాక చదివిన గోథిక్ వ్యాసాలన్నిట్లో దెయ్యం అంటే పోని గతం అని రాసి ఉంది. మర్చిపోదామన్నా వదలని గతం. మా డెల్టాలో కొంతమందికి సమస్య తిరగబడి ఉంది. గతం మొత్తం ఒక్క రాత్రిలో కొట్టుకుపోయింది. ఇల్లు లేదు, గోడ లేదు, ఫోటో లేదు. దెయ్యం పట్టడానికైనా ఒక కొంప మిగలాలి కదా.

*

ఇక అత్త.

ఆ పండగకి భోగినాడు పొద్దున్నే అందరికీ తలంట్లు పోశారు. అత్తకి అమ్మ నూనె రాస్తుంటే వీపు మీద నేను చూశాను. ఒక చోట నల్లగా, ఒక చోట పసుప్పచ్చగా. “ఏమైంది అత్తా?” అంటే “బల్ల తగిలిందే” అంది. వీపు మీద అన్ని చోట్ల బల్ల ఎలా తగులుతుందో నాకర్థం కాలేదు. వెళ్ళి నాన్నమ్మని అడిగాను. “పెద్దోళ్ళ విషయాలు నీకెందుకు, పో, గొబ్బెమ్మలు పెట్టుకో” అంది. నేను వెళ్ళి గొబ్బెమ్మలు పెట్టుకున్నాను.

సినిమాలో మొదటి సగంలో వచ్చే గతం గుర్తుందా? పశుపతి ఆ ఇంటి పెద్దల్లుడు. ఆ ఇంట్లోనే ఉంటాడు. ఆడవాళ్ళని పాడు చేస్తాడు. నాట్యం నేర్పే అంధురాలైన గురువు మీద అఘాయిత్యం చేసి చంపేస్తాడు. అందరికీ తెలుసు. కానీ అల్లుణ్ణి శిక్షిస్తే పెద్దకూతురి బతుకేమవుతుందని పెద్దలు వెనకాడతారు. ఆ అక్క ఉరేసుకుంటుంది. ఆ తర్వాత గానీ వాడి మీద దెబ్బ పడదు. చిన్నపిల్లగా ఉన్న అరుంధతి నోరు తెరిచి చెప్పాల్సి వస్తుంది.

ఆటోలో తిరిగొస్తున్నప్పుడు అందరూ గ్రాఫిక్స్ గురించీ, సోనూ సూద్ గురించీ, ఆ గొంతు గురించీ మాట్లాడుతున్నారు. ఆ గొంతు పి. రవిశంకర్‌ది. ఆ సినిమా తర్వాత ఆయన ఇంటిపేరే బొమ్మాళి అయిపోయింది. అత్త బయటకి చూస్తూ అంది. “చచ్చి దెయ్యమయ్యాకే అందరికీ భయమేసిందేంటో. అల్లుడిగా ఇంట్లో తిరిగినన్నాళ్ళూ ఎవరికీ వెయ్యలేదు.”

ఎవరూ మాట్లాడలేదు. ఆటో చప్పుడు బాగా ఉందనుకోవచ్చు. నాన్నమ్మ ముందుకి వంగి, “బెంజి సర్కిల్ దాటాక ఎడమకి తిప్పు బాబూ” అంది. డ్రైవరుకి ఆ దారి తెలుసు. మేం ఎక్కేటప్పుడే చెప్పాం.

సోమవారం మావయ్య వచ్చాడు. భోజనం పెట్టారు. అరిసెలు, జంతికలు డబ్బాల్లో సర్ది ఇచ్చారు. అత్త బందరు బస్సెక్కింది. ఉప్పెనలో ఆ పిల్లని నడుముకి కట్టుకుని బతికించిన నాన్నమ్మే, ఆ పిల్ల చేతికి డబ్బాల సంచీ ఇచ్చి, “సర్దుకుపోవాలమ్మాయ్” అంది. నాన్నమ్మ చెడ్డమనిషి కాదు. ఈ రెండూ ఒకే మనిషి చేసింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకిప్పటికీ తెలీదు.

ఆ ఏడంతా ఎక్కడ చూసినా బొమ్మాళీనే. స్కూల్లో, సిటీ బస్సులో, రింగ్‌టోన్లలో. మేం పిల్లలం దొంగా-పోలీసాటని ‘పశుపతి ఆట’గా మార్చేశాం. మావయ్య పండగలకి వచ్చినప్పుడు అచ్చం ఆ గొంతుతో డైలాగులు చెప్పేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఇంకోసారి, ఇంకోసారి అని అడిగేవాళ్ళం.

*

అత్త 2013లో తిరిగొచ్చేసింది. రెండు బ్యాగులతో. ఆ వచ్చిన రోజు ఎవరూ ఏమీ అడగలేదు, నాన్న మాత్రం షెడ్డుకి సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాడు. ఇప్పుడు పటమటలోనే రెండు గదులు అద్దెకి తీసుకుని బ్లౌజులు కుడుతుంది. మగ్గం వర్కు కూడా చేస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్లో ఫోనెత్తదు.

నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ మ్యాగజైన్‌కి ‘అరుంధతి, మా అత్త’ అని ఒక వ్యాసం రాశాను. ఆటోలో అత్త అన్న మాట పెట్టాను. అత్త ఆ సినిమాని టీవీలో నాలుగైదుసార్లు చూసిందని అమ్మ చెప్తే అది కూడా పెట్టాను. జేజమ్మ త్యాగం చూసి అత్తకి ధైర్యమొచ్చిందనీ, అందుకే ఆ ఇంట్లోంచి బయటకి రాగలిగిందనీ తేల్చేశాను. ఫస్ట్ ప్రైజు వచ్చింది. అత్తకి చూపించలేదు. ఎందుకో మొహమాటమేసింది.

మధ్యలో ఒకసారి యాగంటి వెళ్తూ బనగానపల్లె దగ్గర ఆగాను. ఊరి బయట గుట్ట మీద ఆ బంగళా ఉంది. బనగానపల్లె నవాబులది. 1948 దాకా అదొక చిన్న సంస్థానం. సినిమా వచ్చాక దాన్ని అందరూ అరుంధతి కోట అంటున్నారు. కథలో గద్వాల. అది నిజాం కింద ఉన్న వేరే సంస్థానం, దాని కోట దానికుంది. తెర మీద పేరొకరిది, నేల మీద గోడలొకరివి. మెట్ల మీద కాలేజీ కుర్రాళ్ళు వరసగా నిలబడి, గొంతు మార్చి ఆ డైలాగు అరుస్తూ వీడియో తీసుకుంటున్నారు. కట్టించినవాళ్ళ కథ అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు. రెండు ఫోటోలు తీసుకుని దిగొచ్చేశాను.

నాకప్పుడు ఇంకో సంగతి తట్టింది. 1993 నాటి మలయాళం సినిమా ‘మణిచిత్రతాళు’లో దెయ్యం తమిళ నర్తకి. అదే కథని 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా తీస్తే అక్కడ దెయ్యం తెలుగులో పాడుతుంది. ఎవరికి వాళ్ళు దెయ్యాన్ని పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకున్నారన్నమాట. ‘అరుంధతి’లో అలా కాదు. దెయ్యం పక్కూరిది కాదు, పక్క భాషది కాదు. ఇంటి అల్లుడు. పెళ్ళి చేసి, పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళు కడిగి లోపలికి తెచ్చుకున్నవాడు. గోథిక్ అనే మాట పక్కన పెట్టినా, తెలుగింటికి ఇంతకంటే తెలిసిన దెయ్యం ఇంకోటి లేదనిపించింది. వ్యాసం రాసినప్పుడు ఇది తట్టి ఉంటే బాగుండేదనుకున్నాను. ఇంకా బాగా రాసేదాన్ని కదా అని.

*

దసరా రోజుకి మళ్ళీ వస్తాను. వాదన ముదిరింది. నాన్న జమీందార్ల దగ్గరున్నాడు, అమ్మ అనుష్క దగ్గరుంది. లాక్‌డౌన్‌లో వలస కూలీలని ఇళ్ళకి చేర్చినప్పటి నుంచి తనకి సోనూ సూద్‌ని చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుందనీ, పశుపతిగా చూడలేకపోతున్నాననీ అమ్మ కొత్త పాయింటొకటి లేవదీసింది. మా రూమ్మేట్ ‘మసూద’ బాగా తీశారంటోంది. అప్పుడే అత్త వచ్చింది, అమ్మ బ్లౌజులు ఇవ్వడానికి.

మా రూమ్మేట్ నా వ్యాసం చదివింది. నేనే చదివించాను. అందుకని ఆగలేక అడిగేసింది. “అత్తా, మీకు ఈ సినిమా అంత ఇష్టం ఎందుకు?”

“ఇష్టమని ఎవరు చెప్పారమ్మా?”

“టీవీలో వచ్చినప్పుడల్లా చూసేవారంట కదా?”

అత్త నవ్వింది. “రిమోట్ నా చేతిలో ఉంటే కదా. వాళ్ళ మావయ్యకి ఇష్టం ఆ సినిమా. వచ్చినప్పుడల్లా పెట్టేవాడు. కూర్చోమనేవాడు. కూర్చునేదాన్ని.” బ్లౌజుకి వేలాడుతున్న దారం కొరికి తెంపింది. “నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు దాని తర్వాత. బొమ్మాళీ అనేవాడు. గది తలుపేసి కూడా అదే.”

నాన్న టీవీ వైపే చూస్తున్నాడు. నేను ఎటు చూశానో గుర్తులేదు. నాకు వినపడుతున్నది మా నవ్వులు. ఇంకోసారి మావయ్యా, ఇంకోసారి.

“మరి జేజమ్మ?” అంది మా రూమ్మేట్, నెమ్మదిగా. “ఆ కొబ్బరికాయల సీను?”

చూడనివాళ్ళ కోసం చెప్తాను. పశుపతి ఆత్మని చంపడానికి ఆయుధం కావాలి. అది జేజమ్మ ఎముకలతోనే తయారవ్వాలి. దాని కోసం ఆవిడ నొప్పితో కూడిన చావు ఎంచుకుంటుంది. తల మీద కొబ్బరికాయలు పగలగొట్టించుకుని ప్రాణం వదులుతుంది. హాల్లో ఆ సీనుకి ఆడవాళ్ళు ఏడ్చారు, కొందరు దండాలు పెట్టారు. నా వ్యాసానికి ప్రాణం ఆ సీనే.

“అది నాకస్సలు నచ్చదు” అంది అత్త. “ఊళ్ళో అంతమంది మగాళ్ళున్నారు. కత్తులున్నాయి, గుర్రాలున్నాయి. వాణ్ణి ఆపడానికి మళ్ళీ ఆవిడ ఎముకలే కావాలా? తన్నులు తిన్నోళ్ళే ఆయుధమవ్వాలంటే ఎట్టాగమ్మా? నేనేం అవ్వలేదు. ఒక రోజు ఆయన ఊళ్ళో లేనప్పుడు బస్సెక్కాను. అంతే. ధైర్యం కూడా కాదు. ఆ రోజు టిక్కెట్టుకి డబ్బులున్నాయి.”

కాసేపటికి నేనడిగాను, “మరి ఆ రోజు ఆటోలో అన్నావు కదా అత్తా, చచ్చాకే అందరికీ భయమేసిందని?”

“అన్నానా?” అంది. నిజంగానే గుర్తులేదు. “అని ఉంటాను. మీరెవరన్నా ఏమన్నా అంటారేమోనని అని ఉంటాను.”

ఆ మాటని నేను పదహారేళ్ళు దాచుకున్నాను. సినిమా మీద వ్యాఖ్య అనుకున్నాను. చాలా గొప్ప వ్యాఖ్య అనుకుని ప్రైజు కూడా తెచ్చుకున్నాను. అది వ్యాఖ్య కాదు. మర్నాడు మావయ్య వస్తాడు, నన్ను పంపకండి అని అడగడం. ఆటోలో ఉన్న ప్రతి ఒక్కరికీ అది వినపడింది. భోగినాడు వీపు చూసిన నాకు ఇంకా బాగా వినపడి ఉండాలి. పదకొండేళ్ళ పిల్ల ఏం చేయగలదని అమ్మ ఆ రాత్రి నన్ను ఓదార్చింది. సినిమాలో ఆ చిన్నపిల్ల నోరు తెరిచింది కదా అనుకున్నాను గానీ, అమ్మతో అనలేదు. సినిమాలు చూసి మనల్ని మనం కొలుచుకోవడం మొదలుపెడితే అంతుండదు. కానీ పెద్దయ్యాక ఆ వ్యాసం రాసేముందు ఒక్కసారి ఫోన్ చేసి “నీకు ఆ సినిమా నచ్చిందా అత్తా?” అని అడిగి ఉండొచ్చు. అది నా చేతిలో పనే.

రాత్రి డాబా మీద పడుకున్నాక మా రూమ్మేట్ అంది. “గోథిక్ అంటే అనుమానం ఉండాలన్నాను కదా, ఏం జరిగిందో తెలీకుండా ఉండాలని.” కాసేపు ఆగింది. “మీ ఇంట్లో అనుమానమేం లేదు. అందరికీ తెలుసు.” నేను ఊఁ అన్నాను.

అన్నట్టు, ఆ సాయంత్రం సినిమా క్లైమాక్స్ దాకా వెళ్ళలేదు. మాటల మధ్యలో అత్త చెయ్యి చాపి బల్ల మీద రిమోట్ తీసుకుంది. వంటల ప్రోగ్రామ్ పెట్టింది. అందులో ఎవరో గుత్తి వంకాయ చేస్తున్నారు. కారం ఎక్కువేశారని అత్త, లేదని అమ్మ. కొత్త వాదన మొదలైంది.